పడబోతున్నారు, కూర్చోండి

మా అత్తయ్య ఒక్కసారి కూడా పడలేదని అందరూ నన్ను మెచ్చుకునేవారు. మా ల్యాబు నడిపే డాక్టర్ ముకుంద్ గారు మెచ్చుకునేవారు, ఇంట్లో మా ఆయన మెచ్చుకునేవాడు, పక్కింటివాళ్ళయితే అత్తగారిని పువ్వుల్లో పెట్టి చూసుకుంటున్నావమ్మా అనేవారు. వాళ్ళు అలా మెచ్చుకుంటుంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. ఆవిడ పడకపోవడానికి కారణం ఆవిడ లేచి నిలబడకపోవడమే. రోజంతా కుర్చీలో కూర్చోబెట్టిన మనిషి ఎక్కడ పడుతుంది, ఎలా పడుతుంది? ఈ చిన్న ముక్క చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది గానీ ఒక్కరి బుర్రకూ ఎక్కలేదు.

నేను పనిచేసేది విజయవాడ పక్కన ఎనికేపాడులో, పెద్దవాళ్ళ కోసం పరికరాలు తయారుచేసే ఒక ల్యాబులో. మా పరికరం పేరు ఊతం. చూడటానికి నడుం నొప్పికి కట్టుకునే బెల్టులాగే ఉంటుంది, లోపల మాత్రం ఒంటి కదలికలను కొలిచే సెన్సర్లుంటాయి. మొదట మేం చేయాలనుకున్నది చాలా మామూలు పని. పెద్దవాళ్ళెవరైనా పడితే వెంటనే ఇంట్లోవాళ్ళ ఫోనుకు కబురు వెళ్ళాలి, అంతే. పడటం అంటే ఏమిటో బెల్టుకు నేర్పడానికి ఇంజనీరింగ్ కాలేజీ పిల్లల్ని పిలిచి పరుపుల మీద పడమన్నాం. వాళ్ళు పగలబడి నవ్వుకుంటూ ముందుకీ వెనక్కీ పడ్డారు. నడవటం అంటే ఏమిటో నేర్పడానికి ఒక వృద్ధాశ్రమం నుంచి పెద్దవాళ్ళను తీసుకొచ్చి నున్నటి టైల్స్ వరండాలో అటూ ఇటూ నడిపించాం.

ఆ వచ్చినవాళ్ళలో పద్మనాభయ్య గారని ఒక రిటైర్డ్ పోస్టుమాస్టరు ఉండేవారు. ఒకరోజు పొద్దున ఆయన వరండాలో నడుస్తుంటే కంప్యూటరు తెర మీద ఆయన బెల్టు గీసే గీతలు ఊరికే వణికాయి. ఏదో తీగ వదులైందనుకుని బెల్టు మార్చాం. కొత్త బెల్టులోనూ అదే వణుకు. ఆయన చూస్తే నిక్షేపంగా నడుస్తున్నారు, నాతో జోకులు కూడా వేశారు. మధ్యాహ్నం భోజనం చేసి చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళి వాష్‌బేసిన్ దగ్గర కుప్పకూలారు. దెబ్బలేమీ తగల్లేదు గానీ, ముకుంద్ గారు పొద్దుటి గీతలనూ మధ్యాహ్నం గీతలనూ పక్కపక్కన పెట్టి చూసి కుర్చీలోంచి లేచి నిలబడిపోయారు. ఒళ్ళు పడటం కొన్ని గంటల ముందే మొదలవుతుంది, ఆ సంగతి మనిషికి తెలియదు, బెల్టుకు తెలుస్తుంది. ఆ రోజు నుంచీ ఊతం పని మారిపోయింది. పడ్డాక చెప్పడం మానేసి పడకముందే చెప్పడం మొదలుపెట్టింది. ప్రమాదం కనిపించగానే నడుం దగ్గర జుయ్యిమని కొట్టుకుంటుంది, తర్వాత ఒక అమ్మాయి గొంతు తియ్యగా, "పడబోతున్నారు, కూర్చోండి" అంటుంది. అదే సమయానికి ఇంట్లోవాళ్ళ ఫోనూ మోగుతుంది.

అబద్ధమెందుకు, ఆ రోజు నేనూ సంబరపడ్డాను. ఇంటికెళ్ళి శేషుకు చెప్పాను. శేషు మా ఆయన, పూర్తి పేరు శేషగిరి, జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెబుతాడు. ఇంటరులో నా క్లాసుమేటు కాబట్టి పేరు పెట్టే పిలుస్తాను, అత్తయ్యకు ఎప్పుడో అలవాటైపోయింది. నేను చెప్పింది వినగానే అతను గ్లాసు కింద పెట్టి, "మా అమ్మకొకటి తెచ్చిపెట్టు ఇందూ," అన్నాడు. అతను ఎందుకంత ఆదరాబాదరాగా అడిగాడో నాకు తెలుసు. మామయ్య బాత్‌రూములో జారిపడి తుంటి ఎముక విరిగింది. మంచం మీద ఉన్నన్నాళ్ళూ ఆయన్ని ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిప్పింది, ఒంటి పుళ్ళు కడిగింది, గుడ్డలు మార్చింది శేషే. మళ్ళీ లేవకుండానే ఆయన పోయారు. అప్పటినుంచి ఇంట్లో ఎక్కడ చెంబు దొర్లిన చప్పుడైనా శేషు ముఖం పాలిపోతుంది. అందుకే అతని మీద నాకు పూర్తిగా కోపం రాదు. వచ్చినా ఎక్కువసేపు నిలవదు, అదింకో చిరాకు.

మా అత్తయ్య సంపూర్ణమ్మ ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైంది. సిటీ బస్సుల్లోనే సర్వీసంతా గడిచింది. బెల్టు కట్టిన మొదటిరోజు ఆవిడ వంటింట్లోంచి హాల్లోకి వస్తుంటే అది జుయ్యిమని తియ్యగా చెప్పింది. ఆవిడ నడుం వైపు చూసి, "నువ్వెవత్తివే నన్ను కూర్చోమనడానికి," అని చక్కా వెళ్ళిపోయింది. హాల్లోంచి గుమ్మంలోకి వెళ్తుంటే మళ్ళీ చెప్పింది. గుమ్మంలోంచి పెరట్లోకి వెళ్తుంటే ఇంకోసారి. ఇంత చక్కగా నడిచే మనిషికి ఇన్నిసార్లు ఎందుకు మోగుతోందా అని నాకు ఆ రోజే అనుమానం వచ్చింది. శేషుకు మాత్రం అనుమానం రాలేదు, భయం వచ్చింది. అమ్మ ఇంత ప్రమాదంలో ఉందా, మనకు ఇన్నాళ్ళూ తెలియనే లేదే అని వణికిపోయాడు.

మర్నాడు సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి ఇల్లంతా ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు. టెంట్‌హౌస్ నుంచి తెచ్చాడట. వంటింటి గుమ్మంలో ఒకటి, హాల్లో గోడ వెంట మూడు, నడవాలో ఒకటి, పెరటి తలుపు దగ్గర ఒకటి. బెల్టు మోగినప్పుడు అమ్మ ఎక్కడుంటే అక్కడే కూర్చోవాలి కదా అన్నాడు. పెళ్ళివారు రావాల్సినట్టుంది మా ఇల్లు. అత్తయ్య ఆ కుర్చీలన్నిటికీ సిటీ బస్సు స్టాపుల పేర్లు పెట్టింది. వంటింటి గుమ్మం బెంజ్ సర్కిల్, నడవా కంట్రోల్ రూము, పెరటి తలుపు పాత బస్టాండు. "ఏంటమ్మాయ్, ఈవాళ బెంజ్ సర్కిల్లోనే దింపేసింది నన్ను," అంటూ నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. కొన్నాళ్ళకు ఆవిడ నవ్వడం తగ్గింది, ఆ తర్వాత పేర్లు పెట్టి పిలవడం కూడా మానేసింది.

మొదట మేడ మెట్లు మానేసింది. తర్వాత పటమట రైతుబజారుకు వెళ్ళడం మానేసింది, ఎందుకంటే వంకాయల దగ్గర బెల్టు మోగితే కూర్చోవడానికి అక్కడ కుర్చీ ఉండదు. ఒకసారి మోగితే పాపం బెండకాయల గోతం మీద కూర్చుందట, కొట్టువాడు నానా మాటలూ అన్నాడట. తర్వాత వంట మానేసింది. పొయ్యి ముందు నిలబడితే అది ఊరుకోవడం లేదని, కూర్చుని చేసే పనులేవైనా ఉంటే ఇమ్మంది. చిక్కుడుకాయలు వలిచేది, బియ్యంలో రాళ్ళేరేది. ఒకరోజు ఆవిడ కాళ్ళకు నూనె రాస్తుంటే పిక్కలు నా చేతికి మెత్తగా, వదులుగా తగిలాయి. రోజంతా బస్సులో నిలబడి బతికిన మనిషి పిక్కలు అవి.

శేషుకు చూపించాను. పెద్దతనం కదా అన్నాడు. పెద్దతనం నెలల్లో ముంచుకొస్తుందా అని అడిగితే, నాన్నకు ఒక్కరోజులో వచ్చింది అన్నాడు. ఆ ఒక్క మాటతో అతను నన్ను ఎన్నిసార్లు గెలిచాడో లెక్కలేదు.

ఇక లాభం లేదని ల్యాబులో అత్తయ్య గీతలు తీసి కూర్చున్నాను. చూస్తున్నకొద్దీ నాకు తిక్క పుట్టుకొచ్చింది. ఆవిడ నడకలో కాళ్ళు ఎడంగా పడతాయి, మోకాళ్ళు కాస్త వదులుగా ఉంటాయి, ఒళ్ళు పక్కలకు ఊగుతుంది, బరువు ఎప్పుడూ ఒక తుంటి మీదే ఉంటుంది. టైల్స్ వరండాలో తిన్నగా నడిచిన ఆశ్రమంవాళ్ళ పక్కన పెడితే ఇది అచ్చంగా పడబోయే మనిషి నడకే. కానీ ఆవిడ ముప్పాతిక జీవితం కదిలే నేల మీద నిలబడింది. భుజానికి డబ్బుల సంచి, చేతిలో టికెట్ల మిషను, పట్టుకోవడానికి మూడో చెయ్యి లేదు. సీటు కడ్డీకి తుంటి ఆనించి, బస్సు ఎటు ఊగితే ఒంటిని ఆ పక్కకు వదిలి, మళ్ళీ సర్దుకుంటూ నిలబడేది. రిటైరైనా ఆ నడక పోలేదు. నేల కదలకపోయినా ఆవిడ మాత్రం కదిలే నేల మీద నడిచినట్టే నడుస్తుంది. మేం బెల్టుకు నేర్పేటప్పుడు అలాంటివాళ్ళను ఒక్కరిని కూడా నడిపించలేదు. పైగా ఊగుతూ నడిచిన ఇద్దరు ముగ్గురిని, వీళ్ళ నడక బాగాలేదని మేమే పక్కన కూర్చోబెట్టాం.

నా మాట నిజమో కాదో తేల్చుకోవాలని ఒక ఆదివారం శేషు ట్యూషను చెప్పడానికి వెళ్ళినప్పుడు అత్తయ్యను ఆటోనగర్ దగ్గర సిటీ బస్సెక్కించాను. ఎక్కించడానికి రెండు చేతులా మోయాల్సి వచ్చింది. కూర్చోమ్మా అని ఎవరో లేచి సీటిచ్చారు. ఆవిడ కూర్చుంది, కానీ బస్సు కదిలిన కాసేపటికి తనంతట తనే లేచి, సీటు కడ్డీకి తుంటి ఆనించి నిలబడింది. దేన్నీ పట్టుకోలేదు. డ్రైవరు సడన్ బ్రేకు వేస్తే కడ్డీ పట్టుకున్న నేను ముందు సీటు మీద పడ్డాను, ఆవిడ కాస్త వంగి మళ్ళీ నిటారైంది. బెల్టు కిక్కురుమనలేదు. వాహనంలో ఉన్నప్పుడు నేల కదులుతోందని దానికి తెలుస్తుంది, కాబట్టి ఆవిడ ఊగడం దానికి సబబుగానే కనిపించింది. బస్టాండులో దిగి ప్లాట్‌ఫారం మీద అడుగు పెట్టగానే జుయ్యిమంది. పడబోతున్నారట. ఆ బెల్టును అక్కడే కృష్ణా కాలవలో గిరాటేద్దామనిపించింది.

సోమవారం ఆ గీతలన్నీ ముకుంద్ గారి ముందు పెట్టాను. ఆయన చెడ్డవారు కాదు, అదే నా ఖర్మ. చెడ్డవారైతే తిట్టుకుని ఊరుకునేదాన్ని. శ్రద్ధగా చూశారు, మీరు చెప్పింది నిజమే అన్నారు, మంచి పరిశీలన అన్నారు. అయితే మా అత్తయ్య బెల్టుకు ఆవిడ నడక వేరేగా నేర్పిద్దాం సర్ అన్నాను. ఒక్కరి కోసం మారిస్తే ఫలితాలన్నీ కలగాపులగం అయిపోతాయి, ప్రభుత్వం వాళ్ళు చూడటానికి వస్తున్నారు, అది అయ్యాక చూద్దాం అన్నారు. నేను ఇంకో కాగితం తీశాను. పరీక్ష కోసం మేం బెల్టు కట్టిన పెద్దవాళ్ళందరూ అది కట్టుకోకముందు ఎంత నడిచారో, ఇప్పుడెంత నడుస్తున్నారో అందులో ఉంది. మా అత్తయ్యే కాదు సర్, అందరూ కూర్చుండిపోయారు, అందుకే ఎవరూ పడటం లేదు అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఇందుమతి గారూ, మనం చేసింది పడకుండా ఆపే పరికరం. ఎవరూ పడలేదు. నడవటం సంగతి వేరే ప్రాజెక్టు," అన్నారు.

తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. కొట్టుకోలేదు, గోడ గాజుది.

ప్రభుత్వం వాళ్ళు వచ్చిన రోజు పద్మనాభయ్య గారిని పిలుద్దామనుకున్నారు గానీ ఆయన మంచం దిగడం లేదని ఆశ్రమంవాళ్ళు చెప్పారు. దాంతో మా అత్తయ్యను తీసుకురమ్మన్నారు. నేను తీసుకురానన్నాను. శేషు తీసుకొచ్చాడు, ఆవిడ మెడలో కొత్త గొలుసు, పట్టుచీర, కింద చక్రాల కుర్చీ. నాకు ముందు చెబితే గొడవ చేస్తానని చెప్పలేదట. హాలు నిండా జనం. ఆ వచ్చిన అధికారి పెద్దమనిషి మర్యాదగా వంగి, ఎలా ఉంటున్నారమ్మా అని అడిగారు. పడలేదండీ అంది అత్తయ్య. భోజనం, నిద్ర ఎలా ఉన్నాయని అడిగినా, పడలేదండీ అనే అంది. కాస్త నడిచి చూపిస్తారా అని ఆయన అడిగారు. ఆవిడ కుర్చీ చేతుల మీద బరువు మోపి లేవబోయింది. సగం లేచేసరికి నడుం దగ్గర మోగింది, తియ్యటి గొంతు అందరికీ వినిపించింది. ఆవిడ గబుక్కున కూలబడింది.

హాలంతా చప్పట్లు కొట్టింది. నిజంగానే కొట్టారు. పరికరం ఎంత బాగా పనిచేస్తోందో కళ్ళారా చూశామన్నారు. అత్తయ్య ఆ చప్పట్లు ఎవరికో అర్థంకాక అటూ ఇటూ చూసింది. మా ఆయన కళ్ళు తుడుచుకుంటున్నాడు, ఆనందంతోనే.

నేను ఆవిడ కుర్చీ తోసుకుంటూ వరండాలోకి వచ్చేశాను, అప్పుడు పెద్దవాళ్ళను నడిపించిన ఆ టైల్స్ వరండాలోకే. ఎవరూ లేరు. బెల్టు విప్పేసి కుర్చీ వెనక పడేశాను. ఇప్పుడది లేదు, మోగదు, నా చెయ్యి పట్టుకుని లేవండి అత్తయ్యా అన్నాను. ఆవిడ నా చేతి వైపు చూసింది గానీ పట్టుకోలేదు. "వద్దమ్మాయ్. పడతాను," అంది.

ఇన్నాళ్ళూ ఆ మాట బెల్టు అనేది, శేషు అనేవాడు. ఆవిడ నోట వినడం అదే మొదటిసారి. ఇక బెల్టు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే అనిపించింది. నేను ఆ టైల్స్ మీదే ఆవిడ కుర్చీ పక్కన చతికిలబడి ఏడ్చాను. ఆవిడ నా తల నిమిరి, ఎందుకేడుస్తావు, నేను బాగానే ఉన్నాగా అంది.

మర్నాటి నుంచి నేను మధ్యాహ్నాలు ఇంటికి రావడం మొదలుపెట్టాను. ల్యాబులో పంటి డాక్టరు అని చెప్పాను, ఒంట్లో బాగాలేదని చెప్పాను, నోటికొచ్చింది చెప్పాను. శేషు కాలేజీలో ఉండగా బెల్టు విప్పి కుర్చీ మీద పెట్టేదాన్ని. కదలకపోతే అది మోగదు, అతని ఫోనుకు అమ్మ కూర్చుందని కబురు వెళుతుంది. మొదట్లో ఆవిడ లేవడానికే ఒప్పుకోలేదు. తిట్టాను, బతిమాలాను, అలిగాను. నడుమొంచి పనిచేసుకునే కోడలితో ఇంత చాకిరీ చేయిస్తున్నారు, కనీసం మీ కాఫీ గ్లాసైనా మీరు తెచ్చుకోండి అని దెప్పాను. కోడలి దెప్పుడుకు ఉన్న బలం ఏ మందుకూ లేదనుకుంటా, ఆవిడకు రోషం వచ్చి లేచింది. నా రెండు చేతులూ పట్టుకుని నడవా దాకా వచ్చింది. కొన్నాళ్ళకు ఒక చెయ్యి పట్టుకుని వంటింటి దాకా వచ్చింది. ఆ తర్వాత నా కొంగు మాత్రం పట్టుకుని పెరటి దాకా వచ్చి, తులసి మొక్క ఎండిపోయిందే అని నన్ను కేకలేసింది. నాకెంత సంతోషమైందో చెప్పలేను.

లోపల భయం లేదని కాదు. పడితే ఎవరిని అంటారో నాకు తెలియదా? బెల్టు విప్పింది కోడలు. కొడుకు కట్టాడు, కోడలు విప్పింది. చుట్టాలందరికీ అంతకుమించి ఇంకేం కావాలి. ఆవిడ ఒక్కో అడుగు వేస్తుంటే నా గుండెలు పీచుపీచుమనేవి, పైకి మాత్రం విసుక్కుంటూ నడిపించేదాన్ని.

చివరికి పడనే పడింది. కొంగు వదిలేసి తనంతట తను పెరటి గడప దాటుతోంది. నేను రెండడుగుల వెనకే ఉన్నాను. గడపకు బొటనవేలు తగిలింది, చెయ్యి ముందుకు చాచింది, పడిపోయింది. అంతే. మేం భయపడుతూ కూర్చున్నది దీనికేనా అన్నట్టు అంత తొందరగా అయిపోయింది. మణికట్టు విరిగింది. తుంటికేమీ కాలేదు, తలకేమీ కాలేదు. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్తుంటే ఆవిడ ఒక్కసారి కూడా అమ్మా అనలేదు. నేనే దారి పొడుగునా ఏడ్చాను.

శేషు కాలేజీ నుంచి నేరుగా ఆసుపత్రికి వచ్చాడు. అతని ఫోనులో మాత్రం అమ్మ ఇంకా ఇంట్లో కుర్చీలోనే కూర్చుని ఉంది. సంగతి అర్థమయ్యాక అతను అరవలేదు. చాలా మెల్లగా, "నాన్నను చూశావు కదా. చూసి కూడా ఎలా చేశావు ఇందూ," అన్నాడు. అరిచి ఉంటే జవాబు చెప్పేదాన్ని. అతని అక్కలు ఇద్దరూ ఫోన్లు చేసి వాళ్ళు అనాల్సినవి అన్నారు, వాటికి మాత్రం నేను దీటుగానే జవాబు చెప్పాను.

అన్నిటికంటే నన్ను మండించింది ముకుంద్ గారు. పలకరించడానికి బత్తాయిలు పట్టుకుని ఆసుపత్రికి వచ్చారు, నిజంగా బాధపడ్డారు. వెళ్ళబోతూ వరండాలో నన్ను ఆపి, బెల్టు పెట్టుకున్నప్పుడు ఒక్కసారి కూడా పడని మనిషి, తీసేసిన కొన్నాళ్ళకే పడ్డారు, పరికరం విలువ దీనికంటే బాగా ఎవరు చెప్పగలరు అన్నారు. ఆవిడ పడింది బెల్టు తీసినందుకు కాదు, అన్నాళ్ళు పెట్టుకున్నందుకు అన్నాను. ఆయన జాలిగా చూసి, మీరిప్పుడు కంగారులో ఉన్నారు, నాలుగు రోజులు సెలవు తీసుకోండి అన్నారు. వచ్చే ఏడాది నుంచి రాష్ట్రంలో పింఛను తీసుకునే పెద్దవాళ్ళందరికీ ఊతం ఉచితంగా ఇవ్వబోతున్నారని కూడా ఆయనే చెప్పారు. ఉద్యోగం మానెయ్యమని మా అమ్మ అంది. ఎందుకు మానెయ్యాలి? నేను మానేస్తే ఆ నడక కాగితాలు పట్టుకుని ఆయన వెంట పడేవాళ్ళు కూడా ఉండరు. సెలవు అవగానే వెళ్తాను, వెళ్ళి మళ్ళీ అదే మాట చెబుతాను, నోరు పడిపోయేదాకా చెబుతాను.

అత్తయ్యను ఇంటికి తీసుకొచ్చిన రోజు శేషు ముందే వచ్చి అన్నీ సర్ది పెట్టాడు. మంచం పక్కన బల్ల, బల్ల మీద మందులు, నీళ్ళు, తుడిచి పెట్టిన బెల్టు. ఆవిడ మంచం మీద కూర్చుంది. సిమెంటు కట్టు ఉన్న చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కాసేపు గదంతా చూసింది. బాత్‌రూముకు వెళ్ళాలంది. శేషు బెల్టు తీసుకుని ఆవిడ నడుం చుట్టూ వెయ్యబోయాడు. ఆవిడ బాగున్న చేత్తో అతని మణికట్టు పట్టుకుంది.

"వద్దురా. పడ్డాను కదా," అంది.

పడ్డావు కాబట్టే అమ్మా అన్నాడు శేషు. మళ్ళీ పడితే అన్నాడు, ఈసారి తుంటి విరిగితే అన్నాడు, నాన్నకు ఎలా అయిందో నువ్వు కూడా చూశావు కదా అన్నాడు. చూశానంది. ఆయన మీద నాకు మాత్రం బెంగ లేదా అంది. నేను మధ్యలో కల్పించుకోబోయి ఆగిపోయాను. ఇది నేను గెలవాల్సిన గొడవ కాదు, అప్పటికి అర్థమైంది.

"ఇన్నాళ్ళూ పడతానేమో పడతానేమో అని కూర్చున్నానురా. తినేటప్పుడు అదే, పడుకున్నా అదే. ఆ రోజు పడ్డాను. నొప్పెట్టింది. ఇందు లేపింది, లేచాను," అంది అత్తయ్య. "మళ్ళీ పడితే పడతాను. లేవలేకపోతే పిలుస్తాను. పిలిస్తే రా. అంతకంటే నువ్వు చెయ్యాల్సింది ఏం లేదు," అంది.

శేషు బెల్టు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. చాలాసేపటికి పక్కకు జరిగి దారిచ్చాడు.

ఆవిడ మంచం కోడు పట్టుకుని లేచింది. మునుపటి నడక కాదు అది, ఆ నడక ఇక రాదని నాకు తెలుసు. పిక్కల్లో బలం పోయింది, ఒక చెయ్యి కట్టులో ఉంది. ఒంటిని ఒక పక్కకు వదిలి, సర్దుకుని, ఆగి, మళ్ళీ వదిలి, గోడ వెంట ఒక్కో అడుగే వేసుకుంటూ వెళ్ళింది. బాత్‌రూము గడప దగ్గర కాలెత్తడానికి ఎంతసేపు పట్టిందో. ఇన్నాళ్ళూ ఆవిడను నడవనివ్వండని ఊరంతటితో పోట్లాడిన నాకే, ఒక్క పరుగున వెళ్ళి పట్టుకోవాలనిపించింది. అడుగు ముందుకు వేశాను కూడా. శేషు నా చెయ్యి పట్టి ఆపాడు. అతని అరచెయ్యి చెమటతో తడిసిపోయి ఉంది. తలుపు వేసుకున్న చప్పుడైంది, నీళ్ళ చప్పుడైంది, తర్వాత ఏ చప్పుడూ లేదు.

మేమిద్దరం తలుపు వైపే చూస్తూ, చెవులు అక్కడే పెట్టి నిలబడ్డాం. ఆవిడ పిలవలేదు.